ఇంటి విక్రయము - ఆడపడుచుల భాగము

పైగా ప్రభువగు ఆస్మాన్‌జా బషీర్‌బాగ్ మహలు నేడు లేదు. పేటకు పేరు మాత్రము మిగిలినది. ఆ గతియే నేడు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీథులలోని పాత యిండ్లకును పట్టుచున్నది. తాతతండ్రులు కట్టిన యిండ్లు అమ్ముడై, వాని తావున అంతస్తుల భవనములు లేచుచున్నవి. అందులకు మేము విలపింపము. సంతానము పలుచోట్ల స్థిరపడినపుడు ఇల్లు అమ్ముటయే వివేకము కావచ్చును. మా ప్రశ్న వేఱు: అమ్మిన సొమ్ము ఎవరిది?

తండ్రి గతించును. అన్నదమ్ములు బేరము కుదుర్చుకొందురు. కొనువాని వకీలు దస్తావేజులు చూచి, అక్కచెల్లెండ్ర సంతకములు కావలెననును. అంతట వారికి పిలుపు వచ్చును. చీర, పసుపుకుంకుమలు పెట్టి, హక్కు విడుదల పత్రముపై సంతకము తీసికొందురు. "నీ పెండ్లికి ఇచ్చితిమి గదా" యని ఒక మాట. పుట్టింటి రాకపోకలు ఆగిపోవునను భయముచే ఆమె మారు పలుకదు. తానేమి వదలుకొనుచున్నదో తెలియక చేసిన సంతకమును త్యాగమని పిలుచుట తగదు.

చట్టము ఈ విషయమున స్పష్టముగనే యున్నది. 1956 హిందూ వారసత్వ చట్టము ప్రకారము, తండ్రి తన స్వార్జితమగు ఇంటికి వీలునామా వ్రాయక గతించినచో, భార్యకును, కొడుకులకును, కూతుండ్రకును సమభాగములు. తండ్రి తల్లి జీవించియున్నచో ఆమెకును భాగము కలదు. కూతురికి పెండ్లియైనదా లేదా యను విచారణ లేదు. పిత్రార్జితమగు ఉమ్మడి యాస్తిలో అవివాహితలగు కుమార్తెలకు జన్మహక్కును ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 నుండియే యిచ్చినది. 2005 సవరణ దానిని వివాహితలకును, దేశమంతటికిని వ్యాపింపజేసెను. ఆ హక్కునకు తండ్రి 2005 నాటికి జీవించియుండ నక్కరలేదని 2020లో సుప్రీముకోర్టు తేల్చినది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరీ అయిన పంపకములు మాత్రము చెదరవు.

అన్నదమ్ముల పక్షమునను న్యాయము లేకపోలేదు. తల్లిదండ్రులను కడవరకు సాకినవారు, ఇంటిపన్ను కట్టినవారు, కప్పు బాగుచేయించినవారు వారే కావచ్చును. ఆ లెక్క నలుగురి యెదుట చెప్పి, ఆ మేరకు మినహాయింపు కోరుట ధర్మము. లెక్క చూపక భాగమంతయు హరించుట ధర్మము కాదు. అన్నియు తెలిసి, తన యిష్టమున వదలుకొను సోదరి యున్నచో అది ఆమె ఔదార్యము.

బాలికలకు తెలుగున ఉన్నతవిద్య లేని కాలమున, 1928లో మాడపాటి హనుమంతరావుగారు పూనికతో నెలకొల్పిన బాలికల పాఠశాల నారాయణగూడకు కీర్తి తెచ్చినది. ఆడపిల్లకు అక్షరములు నేర్పిన పేటలోనే, ఆమెను చదువనీయక సంతకము చేయించుట మనకు సిగ్గుచేటు గాదా?

కావున ఇల్లు అమ్మదలచిన సోదరులకు మా మనవి యిది. బయానా పుచ్చుకొనుటకు ముందే ధర యెంతయో అక్కచెల్లెండ్రకు తెలుపుడు. పత్రమును తెలుగున చదివి వినిపించి, ఆలోచించుకొనుటకు గడువిండు. భాగపు సొమ్మును భర్త చేతికో, మఱియొకరి చేతికో గాక, ఆమె పేరనే బ్యాంకులో జమ చేయుడు. దేశమునకు సమానత్వము రాజ్యాంగముతో 1950లో వచ్చినది. ఇంటిలో సమానత్వము రిజిస్టరీ కచేరీ మెట్లెక్కుటకు ముందే రావలెను.