తోకలేని ఎలుక ఎన్నాళ్లు బతుకుతుంది?

రాత్రి పదిన్నరకు మంచిర్యాల నుంచి ఫోను. మా చెల్లెలి కూతురు.

'మామా, ఒక్కపారి నొక్కితె రెండుపార్లు పడ్తంది. ఏం జెయ్యాలె?'

ఏది నొక్కితే ఏం పడుతోందని నెమ్మదిగా అడిగితే విషయం తెలిసింది. ఇంజినీరింగ్ సీటు కోసం వెబ్ ఆప్షన్లు పెడుతోంది. మర్నాటితో గడువు ఆఖరు. ఏ కాలేజీ ముందు, ఏ బ్రాంచి తర్వాత అని వారం రోజులు ఇంటిల్లిపాదీ కూర్చుని నోటుబుక్కులో రాసుకున్న వరుస అది. తీరా తెరమీద పెట్టేసరికి మౌస్ ఎడమ బటన్ ఒక్క నొక్కును రెండుగా లెక్కేస్తోంది. చక్రం కిందికి తిప్పితే పేజీ పైకి ఎగురుతోంది. నాలుగో స్థానంలో ఉండాల్సిన కాలేజీ వచ్చి రెండో స్థానంలో కూర్చుంది. అదృష్టం బాగుండి, ఖరారు చేసేముందు వాళ్ల నాన్న నోటుబుక్కు పక్కన పెట్టుకుని, ఒక్కో వరుసా చదివి వినిపించమన్నాడు. లేకపోతే ఆ పిల్ల నాలుగేళ్ల చదువు ఎక్కడన్నది చిటికెన వేలి గోరంత లేని రేకు ముక్క తేల్చేసేది!

'ఆ మౌస్ పక్కన పెట్టెయ్ బిడ్డా. లాప్‌టాప్ మీదున్న టచ్‌ప్యాడ్‌తోనే చెయ్యి. నిదానంగ చెయ్యి' అన్నాను.

అర్ధరాత్రి దాటాక 'అయిపోయింది మామా' అని మెసేజ్ వచ్చింది. దానికిందే ఇంకోటి: 'ఈ మౌస్ నువ్వు కొనిచ్చిందే గద!'

నిజమే. రెండేళ్ల కిందట పదో తరగతి పాసైనప్పుడు నేనే కొనిచ్చాను. పెట్టెమీది అంకెలు చూశాను, రంగు చూశాను, ధర చూశాను. చూడాల్సినవి మాత్రం చూడలేదు.

అంకెలు వేరు, ఆయుష్షు వేరు

మర్నాడు కరీంనగర్‌లో టవర్ సర్కిల్ వైపు ఓ కంప్యూటర్ దుకాణానికి వెళ్లాను. 'ఎక్కువ డీపీఐ ఉన్న మౌస్ చూపించన్నా' అని అడిగాను. దుకాణదారు నవ్వాడు. 'సార్, డీపీఐ తక్కువైందని మౌస్ వాపస్ తెచ్చినోన్ని నేనింతవరకు చూడలే. నా దగ్గరికి వచ్చేటివన్నీ ఎడమ బటన్ పోయినయే' అన్నాడు.

అనుభవం చెప్పే మాట అలాగే ఉంటుంది మరి. డీపీఐ అంటే మౌస్‌ను ఒక అంగుళం జరిపితే తెరమీది బాణం ఎంత దూరం పోతుందన్న లెక్క. ఆఫీసు పనికైనా చదువుకైనా 1000 నుంచి 1600 చాలు. ఆపైన అంకెలు ఆటలాడేవాళ్ల సరదా. మన్నికకూ ఆ అంకెకూ ఏ చుట్టరికమూ లేదు.

అసలు మౌస్ పుట్టినప్పుడు అందులో చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. 1964లో అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచన చేస్తే, బిల్ ఇంగ్లిష్ తయారుచేసిన మొదటి మౌస్ ఓ చెక్క డబ్బీ. కింద రెండు చక్రాలు, పైన ఒకే ఒక్క బటన్. మన నిర్మల్ కళాకారులు చెక్కే కొయ్యబొమ్మల పక్కన పెడితే కలిసిపోయేదేమో! 1968 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో దాన్ని నలుగురికీ చూపించారు. తోకలా తీగ ఉంది కాబట్టి 'ఎలుక' అన్నారు. 1991లో లాజిటెక్ కంపెనీ రేడియో తరంగాలతో పనిచేసే మౌస్ తెచ్చాక ఆ తోక కూడా పోయింది. పేరు మాత్రం మిగిలింది.

తోక తీసేశాక కొత్త సుఖాలతోపాటు కొత్త రోగాలూ వచ్చాయి. వైర్‌లెస్ మౌస్ ప్రాణం నాలుగుచోట్ల ఉంటుంది. బటన్ కింది స్విచ్, చక్రం, సెల్లు గూడు, రిసీవర్. కొనేటప్పుడు చూడాల్సినవి ఆ నాలుగే.

ఒక్క నొక్కు రెండెందుకవుతుంది?

ఎడమ బటన్ కింద బియ్యపు గింజ కంటే కాస్త పెద్ద స్విచ్ ఉంటుంది. అందులో సన్నటి లోహపు రేకు. మనం నొక్కినప్పుడు అది కిందికి వంగి, ఎదుటి బిందువును తాకుతుంది. తాకగానే ఊరుకోదు. బల్లమీద వేసిన రూపాయి బిళ్లలా సెకనులో కొన్ని వేల వంతులపాటు టపటపా ఎగురుతుంది. ఆ ఎగురుళ్లను లెక్కలోకి తీసుకోకుండా మౌస్‌లోని చిప్ కాసేపు కళ్లు మూసుకుంటుంది. కొత్తలో ఇబ్బంది లేదు. రేకులో బిగువు తగ్గినా, తాకేచోట మురికో తుప్పో చేరినా ఎగురుళ్లు ఎక్కువసేపు సాగుతాయి. చిప్ కళ్లు తెరిచేసరికి ఇంకో దెబ్బ కనిపిస్తుంది. దాన్ని రెండో నొక్కు అనుకుంటుంది. మా మేనకోడలి మౌస్‌కు వచ్చిన రోగం ఇదే. పైగా సెల్లు ఆదా చేయడానికి వైర్‌లెస్ మౌస్‌లలో కరెంటును చాలా పొదుపుగా పారిస్తారు. తుప్పు పొరను ఛేదించే చేవ దానికి తక్కువ.

స్విచ్ తయారుచేసేవాళ్లు ఇన్ని లక్షల నొక్కులకు హామీ అని చెబుతారు. 50 లక్షలు, కోటి, 2 కోట్లు... ఇలా. ఈ లెక్క మనకు పనికొస్తుంది. ఇంట్లో రోజుకు 1000 సార్లు నొక్కేవాళ్లకు ఏడాదికి మూడున్నర లక్షల పైచిలుకు. 50 లక్షల స్విచ్ కూడా కాగితం మీద పదమూడేళ్లు రావాలి. అదే పొద్దంతా దరఖాస్తులు నింపే మీసేవ ఆపరేటరు రోజుకు 5000 సార్లు నొక్కుతాడనుకుందాం. 300 పనిదినాలకు 15 లక్షలు. మూడేళ్లు దాటగానే హామీ అయిపోతుంది. దుమ్ము, చెమట, తేమ కలిస్తే అంతకంటే ముందే. కాబట్టి రోజంతా నొక్కే పని మీదైతే పెట్టెమీద ఈ అంకె రాసి ఉన్న మౌస్‌నే తీసుకోండి. కోటికి తక్కువ వద్దు.

ఇప్పుడు కొన్ని మౌస్‌లలో ఆప్టికల్ స్విచ్‌లు వస్తున్నాయి. అక్కడ నొక్కును లోహం తాకి చెప్పదు, వెలుతురు చెబుతుంది. కాబట్టి రేకు ఎగురుళ్ల బాధ లేదు. ఎక్కువగా గేమింగ్ మౌస్‌లలోనే ఉంటాయి, ధరా ఎక్కువే. ఒక్క జాగ్రత్త. పెట్టెమీద 'ఆప్టికల్ మౌస్' అని ఉన్నంత మాత్రాన మురిసిపోకండి. అది అడుగున ఉన్న కంటి సంగతి. స్విచ్ సంగతి కాదు.

దూది, దుమ్ము, బొగ్గు

రెండో ప్రాణం చక్రంలో ఉంది. దాని చుట్టూ ఉండే సందులోంచి లోపలికి నేరుగా దారి. మన ప్రాంతంలో ఆ దారిన పోయేవాటికి కొదవా? పత్తి సీజన్లో ఆదిలాబాద్ మార్కెట్ యార్డు చుట్టుపక్కల గాలినిండా దూది పింజలే. సిరిసిల్లలో మరమగ్గాల నూగు. గోదావరిఖనిలో బొగ్గు దుమ్ము. కరీంనగర్ చుట్టూ గ్రానైటు పొడి. ఇవి చక్రం ఇరుసుకు చుట్టుకుంటే, అది ఎన్ని మెట్లు తిరిగిందో లెక్కపెట్టే భాగం తికమకపడుతుంది. కిందికి తిప్పితే పేజీ పైకి ఎగరడం దాని లక్షణమే.

చక్రం చుట్టూ సందు ఎంత సన్నగా ఉంటే అంత మంచిది. దుకాణంలో తిప్పి చూడండి. ప్రతి మెట్టూ వేలికి స్పష్టంగా తెలియాలి, పక్కలకు ఊగకూడదు. ఇంట్లో పని అయిపోయాక ఓ చేతిరుమాలు కప్పినా చాలు. కుట్టుమిషన్‌కు గుడ్డ కప్పే అలవాటు మన ఇళ్లల్లో ఉన్నదే కదా!

ఎండల సంగతీ చెప్పుకోవాలి. 45 డిగ్రీలు దాటే మన వేసవిలో బండి డిక్కీలో మౌస్ పెట్టి తిరిగితే, పట్టుకోవడానికి మెత్తగా ఉంటుందని వేసిన రబ్బరు పూత ఏడాది రెండేళ్లలో జిగురుజిగురుగా తయారవుతుంది. వేడికీ, తేమకూ, చేతి చెమటకూ ఆ పూత కరిగిపోతుంది. మెత్తదనం చూసి మోసపోకండి. మామూలు గట్టి ప్లాస్టిక్‌దే పదికాలాలు ఉంటుంది.

సెల్లా? చార్జింగా?

లోపలే బ్యాటరీ ఉండి, ఫోన్‌లా చార్జింగ్ పెట్టుకునే మౌస్‌లు చూడముచ్చటగా ఉంటాయి. కానీ ఆ బ్యాటరీ ఏళ్లు గడిచేకొద్దీ నీరసిస్తుంది. మార్చాలంటే మౌస్ విప్పాలి, అదే కొలత బ్యాటరీ దొరకాలి. చార్జింగ్ రంధ్రం వదులైతే ఇంకో తంటా. పెన్సిల్ సెల్‌తో నడిచేదానికి ఆ బెడద లేదు. ఉట్నూరులోనైనా, బోథ్‌లోనైనా, కిరాణా కొట్టులో సెల్ దొరుకుతుంది. మన్నిక ఒక్కటే కావాలనుకునేవాళ్లకు నా ఓటు సెల్‌కే.

దానికీ ఓ శత్రువు ఉంది. వేసవి సెలవుల్లో మూలన పడేసిన మౌస్‌లో సెల్ కారిపోతుంది. తెల్లటి పొడి పేరుకుని లోపలి స్ప్రింగును తినేస్తుంది. నెల రోజులకు మించి వాడకపోతే సెల్ తీసి పక్కన పెట్టండి. ఒకవేళ ఆల్కలైన్ సెల్ కారితే, చెవిలో పెట్టుకునే దూది పుల్లను నిమ్మరసంలో ముంచి పొడిని తుడవండి. తర్వాత తడి గుడ్డతో తుడిచి, బాగా ఆరాకే కొత్త సెల్ వేయండి. చేతికి మాత్రం ఆ పొడి అంటనీయకండి.

గోరంత రిసీవర్, కొండంత తలనొప్పి

నాలుగో ప్రాణం లాప్‌టాప్‌కు గుచ్చే రిసీవర్. ఇది 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలమీద మౌస్‌తో మాట్లాడుతుంది. మన దేశంలో ఆ తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకునే వీలు 2005లో వచ్చింది. చాలా చవక మౌస్‌లకు రిసీవర్ పోతే ఇక వేరేది జతకాదు. మౌస్ బాగానే ఉన్నా చెత్తబుట్టకే. కొన్ని కంపెనీలు మాత్రం కొత్త రిసీవర్‌ను జతచేసుకునే ఏర్పాటు ఇస్తాయి. కొనేటప్పుడు ఆ మాట అడగండి. రిసీవర్ దాచుకునే గూడు మౌస్ అడుగున ఉందో లేదో చూడండి. బ్లూటూత్ మౌస్‌కు అసలు రిసీవరే అక్కర్లేదు, పోతుందన్న భయమూ లేదు. కాకపోతే మీ లాప్‌టాప్‌లో బ్లూటూత్ ఉండాలి. రెండు పద్ధతుల్లోనూ పనిచేసేది దొరికితే మరీ మంచిది. ఒకటి పోయినా ఇంకోటి ఆదుకుంటుంది.

బాణం ఉన్నట్టుండి గెంతులేస్తోందా? తప్పు మౌస్‌ది కాకపోవచ్చు. రిసీవర్ పక్కనే యూఎస్‌బీ 3 రంధ్రంలో హార్డ్‌డిస్కు గుచ్చితే, దాని రొద 2.4 గిగాహెర్ట్జ్‌కు అడ్డొస్తుంది. 2012లో ఇంటెల్ కంపెనీయే ఈ సంగతి వివరంగా రాసింది. రిసీవర్‌ను లాప్‌టాప్‌కు రెండోవైపు మార్చి చూడండి.

ఇంకా గెంతుతుంటే బల్ల వంక చూడండి. అడుగున ఉన్న కన్ను సెకనుకు వెయ్యికి పైగా బొమ్మలు తీసి, ఒకదానితో ఒకటి పోల్చుకుంటూ కదలికను పసిగడుతుంది. అద్దం బల్లమీద దానికి పోల్చుకోవడానికి ఏమీ కనిపించదు. అద్దంలా మెరిసే బల్లమీదా తడబడుతుంది. అలాంటి చోట ఓ మౌస్‌ప్యాడ్ వేయండి. అదీ లేదంటే, చదివేశాక ఈ అనుబంధాన్ని నాలుగు మడతలు పెట్టి వేసుకోండి. మేమేమీ అనుకోం!

కొనేముందు రెండు నిమిషాలు

* దుకాణంలోనే ఎడమ బటన్ ఓ యాభై సార్లు నొక్కండి. చప్పుడు ప్రతిసారీ ఒకేలా ఉండాలి.

* తెరమీద నాలుగు పంక్తులు నొక్కిపట్టి లాగండి. మధ్యలో పట్టు తెగకూడదు. పాత మౌస్‌కూ ఈ పరీక్ష పెట్టండి. పట్టు తెగుతోందంటే స్విచ్ పోయే కాలం దగ్గరపడ్డట్టే.

* వారంటీ ఏడాదా, మూడేళ్లా? కంపెనీ ఎంతకాలం బాధ్యత పడుతోందో దాన్నిబట్టే దాని ధైర్యం తెలుస్తుంది. బిల్లు అడిగి తీసుకోండి, ఫొటో తీసి ఫోన్‌లో దాచుకోండి.

* అరచేతికి పట్టాలి. సంచిలో ఇముడుతుందని మరీ చిన్నది కొంటే మౌస్ మన్నుతుందేమో కానీ మణికట్టు మన్నదు.

* కింద స్విచ్ ఆపుకునే మీట ఉంటే పని అయ్యాక ఆపేయండి. సెల్ మిగులుతుంది.

ఇవన్నీ చూసి మా మేనకోడలికి కొత్త మౌస్ తీసుకున్నాను. గట్టి ప్లాస్టిక్, ఒకే పెన్సిల్ సెల్, మూడేళ్ల వారంటీ. రంగు అంత బాగాలేదు. పార్సిల్‌లో దాంతోపాటు తీగ ఉన్న మామూలు మౌస్ ఒకటి కూడా పెట్టాను.

'గీ తోకదెందుకు మామా?' అని ఫోన్ చేసింది.

'ఆప్షన్లు పెట్టేరోజు, ఫీజు కట్టేరోజు, వెనక్కి తీసుకోలేని పని ఏదైనా చేసేరోజు దాన్ని గుచ్చు. సెల్ అయిపోదు, రిసీవర్ పోదు. అట్లనే మీ నాయిన నోటుబుక్కు పక్కన పెట్టుకో' అన్నాను.

'అది అడగక ముందే పెడ్తడు తియ్' అంది నవ్వుతూ.