పరహేజ్‌గార్ అంటే ఎవరు?

పోయిన నెల దుర్గిలో మా ఆపా ఇంట్లో రిష్తా మాటలు నడిచాయి. "లడ్కా బడా పరహేజ్‌గార్ హై. పాంచ్ వఖ్త్ నమాజీ, సిగరెట్ ముట్టడు, సినిమా చూడడు" అంది రిష్తా తెచ్చిన ఖాలా. చాయ్ తాగాక అదే గొంతుతో జోడే కీ రఖమ్ సంగతి ఎత్తింది. ఐదు లక్షలు, పైగా బండి. ఈ రెండూ ఒకే నోట ఎలా వచ్చాయా అని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఖుర్ఆన్‌లో ‘ముత్తఖీ’ అన్నచోట ఉర్దూ తర్జుమాలు ‘పరహేజ్‌గార్’ అంటాయి. తెలుగులో తఖ్వాకి ‘భయభక్తులు’ అని వాడుక. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి, రెండూ నాకు ఇంటి మాటలే. తెలుగు మాట తప్పనను. కాకపోతే భక్తి అనగానే దువా, తస్బీహ్, కన్నీళ్లు గుర్తొస్తాయి. అరబీలో ఆ మాటకు మూలార్థం కాపాడుకోవడం. షుగర్ వచ్చిన మా అమ్మీ "మీఠే కా పరహేజ్" అంటుందే, అదీ. పక్కింటివాళ్లు పత్యం అంటారు. మందు వేసుకున్నాను కదా అని లడ్డూ తింటే అది పత్యం కాదు.

హజ్రత్ ఉమర్ (రజి) తఖ్వా అంటే ఏమిటని ఉబై ఇబ్న్ కఅబ్ (రజి)ని అడిగిన రివాయత్ తఫ్సీర్ ఇబ్నె కసీర్‌లో ఉంది. ముళ్లదారిలో ఎప్పుడైనా నడిచారా అని ఆయన ఎదురడిగారు. నడిచాను, బట్టలు ఎత్తిపట్టుకుని జాగ్రత్తగా నడిచాను అన్నారు ఉమర్. అదే తఖ్వా అన్నారు ఉబై. పల్నాటివాళ్లకు ఇది విడమరిచి చెప్పాలా? కంపచెట్ల డొంకల్లో లుంగీ ఎగ్గట్టి నడిచినవాళ్లం. నుదుటి మీద సజ్దా మచ్చ ఉందా లేదా అని ముల్లు చూడదు.

రసూల్ (స) ఛాతీ వైపు మూడుసార్లు చూపి తఖ్వా ఇక్కడుందన్న హదీస్ సహీహ్ ముస్లింలో ఉంది. దిల్ సాఫ్‌గా ఉంటే చాలని కొందరు దాన్ని సాకు చేసుకుంటారు. అదే హదీస్ చివర, ఒక ముసల్మాన్ ప్రాణం, సొమ్ము, పరువు ఇంకో ముసల్మాన్‌కు హరామ్ అని ఉంది. సొమ్ము అన్న మాట చూశారా? నికాహ్‌లో ఇవ్వాల్సినవాడు దూల్హా. మహర్ పేరుకు రాయించి, అటునుంచి లక్షలు తీసుకుంటే ఆ లడ్డూ తిన్నట్టే.

నమాజ్‌ను, గడ్డాన్ని తక్కువ చేయడం లేదు. నమాజీని నమాజీ అందాం, అదేం చిన్న మాట కాదు. పరహేజ్‌గార్ అన్నప్పుడు మాత్రం దేనికి పరహేజో అడుగుదాం.

మొన్న ఖాలా మళ్లీ వచ్చింది. "ఖాలా, లడ్కే కో కిస్ చీజ్ కా పరహేజ్ హై?" అని అడిగింది ఆపా.

"సిగరెట్ కా, సినిమా కా."

"ఔర్ హమారే పైసే కా?"

ఖాలా చాయ్ కప్పు కింద పెట్టింది. కనుక్కుని చెబుతానని వెళ్లింది. ఇంకా కబురు రాలేదు.