తేలిక రోగం ఎవరికి?



2021 మే నెలలో సర్కారు ఇంటింటికీ జరం సర్వే చేసి మందుల కిట్టు చేతిలో పెట్టింది. ఉప్పల్, నాచారం బస్తీల్లో ఎందరో ఆ గోళీలతోనే ఇంట్ల పండుకొని లేచారు. దవాఖానకు పోలేదు గనుక అది 'తేలిక' రోగమట. ఎవరికి తేలిక? కుర్చీల కూసొని పనిచేసేటోనికా, నాచారం పారిశ్రామికవాడలో బస్తా మోసేటోనికా?

జరం పోయినా ఆయాసం, నిస్సత్తువ, మతిమరుపు మూడు నెలల తర్వాత కూడా ఉంటే, కనీసం రెండు నెలలు సాగితే, వేరే కారణం దొరక్కపోతే అది కొవిడ్ అనంతర జబ్బేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబర్‌లో నిర్వచించింది. పరీక్ష చీటీ లేకున్నా, కొవిడ్ సోకి ఉండే అవకాశం ఉంటే చాలన్నది. మన వాడల్లో దానికి మేస్త్రీలు పెట్టిన పేరు సోమరితనం! ఎవని చెమట మీద బతికిండ్రో వాణ్ణే సోమరి అనుడు ఈ దేశంల పాత అలవాటు.

1943లో అంబేడ్కర్ కార్మిక శాఖ చూస్తున్నప్పుడే కార్మికుల ఆరోగ్య బీమా పథకం రాసే పని అదార్కర్‌కు అప్పగించారు. అట్లా పుట్టిన ఈఎస్ఐలో, చందా రోజులు నిండి డాక్టరు సర్టిఫికెట్ ఉంటే, కూలిలో 70 శాతం ఏడాదికి 91 రోజుల దాకా వస్తది. నాచారంల ఈఎస్ఐ దవాఖాన ఉన్నది. కాంట్రాక్టరు పేరు ఎక్కించకుంటే మనకేం లాభం?

జీతం చీటీలో ఈఎస్ఐ కోత ఉన్నదో లేదో ఈ నెలే చూడండి. టీబీ, రక్తహీనత, షుగరు ఉన్నయేమో ముందు చూపించుకోండి. డాక్టరు దగ్గర ఒట్టి 'నీరసం' అని ఊకోకుండా, జరం ఏ నెల వచ్చింది, ఎన్ని మెట్లెక్కితే ఆయాసం వస్తున్నదో చెప్పి చీటీ మీద రాయించండి.