ఆధారము: గూగుల్!

బడిపిల్లల వ్యాసములు మొదలు సిద్ధాంతగ్రంథముల వఱకు ‘ఆధారము: గూగుల్’ అని వ్రాయు దురాచారము ప్రబలినది. త్రోవ చూపినవానిని సాక్షిగాఁ బిలుతురా? మూలము లేనిది వ్రాయనని ప్రతినఁ బూనిన కోలాచల మల్లినాథసూరి మన తెలుఁగుదేశమువాఁడే కదా!

అచ్చుపుస్తకము నిలుచును, అంతర్జాలపుట మాఱును. 2022 ఏప్రిలు 3వ తేదిని మా తిరువూరు కృష్ణాజిల్లాలోనిది, మఱునాఁడు ఎన్.టి.ఆర్. జిల్లాలోఁ జేరెను. పుటను జూచిన తేది లేనిచో, వ్రాసినవాఁడు పొరపడెనో, పుటయే తరువాత మాఱెనో యెట్లు తెలియును? కర్త, శీర్షిక, పుట చిరునామా, చూచిన తేది, ఇవి యొక్క పంక్తిలో నిముడును. వికీపీడియాలోఁ బ్రతికూర్పునకును శాశ్వతపు లంకె కలదు; చదివిన కూర్పునే చూపవలెను.

పిల్లలఁ దిట్టనేల? ఆ ‘గూగుల్’ను జూచియు మార్కులు వేయువారము మనమే. ఇన్నేండ్లు నేనును వేసితిని.