గోల్ఫ్ గేటు అమ్మాయిలకు తెరవాలంటే.. ఆహ్వానం చాలదు, షరతు పెట్టాలి!

మన్నెగూడ (ఇబ్రహీంపట్నం): నాగార్జునసాగర్ హైవే మీద తుర్కయంజాల్ దాటి మన్నెగూడ వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా వెంచర్ల బోర్డులే. దగ్గర్లో ఆదిబట్లలో టీసీఎస్, టాటా ఏరోస్పేస్. బొంగుళూరు గేటు దాటితే మంగళ్‌పల్లి, శేరిగూడ ఇంజినీరింగ్ కాలేజీలు. వేల మంది అమ్మాయిలు చదువుకునే, ఉద్యోగాలు చేసే ప్రాంతం ఇది. వీళ్లలో ఒకరికి గోల్ఫ్ నేర్చుకోవాలనిపిస్తే ఎక్కడికి వెళ్లాలి? నగరం ఈ చివర నుంచి ఆ చివరకు!

హైదరాబాద్ గోల్ఫ్ మ్యాప్ చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఒకటి గోల్కొండ నయాఖిలాలో. ఇంకోటి గచ్చిబౌలి దగ్గర బౌల్డర్ హిల్స్. బొల్లారం వైపు సైన్యం వాళ్ల మైదానం. అన్నీ పడమర, ఉత్తరాల్లోనే. మహాలక్ష్మి పథకం పుణ్యమా అని ఆడవాళ్లకు బస్సు టికెట్ ఎటూ ఫ్రీ. కానీ బస్సులు మారుతూ గోల్కొండ చేరి, నాలుగైదు గంటలు ఆడి, చీకటి పడకముందే మన్నెగూడకు తిరిగి రావాలంటే అయ్యే పనేనా? అదీ చేతిలో గోల్ఫ్ బ్యాగుతో!

"గోల్ఫ్‌లోకి మహిళలను ఆహ్వానించాలి" అనే మాట ప్రపంచమంతా వినిపిస్తోంది. మన దగ్గర ఆహ్వానం అంటే మహిళా దినోత్సవం నాడు ఒక టోర్నీ, నాలుగు ఫొటోలు. ఏ క్లబ్బూ గేటు మీద 'ఆడవాళ్లకు ప్రవేశం లేదు' అని రాసిపెట్టడం లేదు, నిజమే. అడ్డం పడేది బోర్డు కాదు. సభ్యత్వం ఎవరి పేరు మీద ఉంది, ఆదివారం పొద్దున మొదటి టైమ్ ఎవరికి దక్కుతుంది, ఎక్కడ నుంచి బంతి కొట్టమంటున్నారు.. అడ్డంకి అంతా ఈ చిన్న చిన్న రూల్స్‌లోనే ఉంటుంది.

అదితి చెప్పిన పాఠం కాదు.. ఆ మైదానం చెప్పిన పాఠం

2021 ఆగస్టు 7 గుర్తుందా? నీరజ్ చోప్రా బంగారు పతకం గెలిచిన రోజు. అదే రోజు తెల్లవారుజామున దేశమంతా నిద్ర లేచి, బర్డీ అంటే ఏంటో, బోగీ అంటే ఏంటో ఒకరినొకరు అడుగుతూ టీవీల ముందు కూర్చుంది. కారణం బెంగళూరు అమ్మాయి అదితి అశోక్. ప్రపంచ ర్యాంకు 200. అయినా టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఒక్కటంటే ఒక్క స్ట్రోక్ తేడాతో పతకం చేజారింది. ఆ రోజు ఆమె బ్యాగు మోసింది వాళ్ల అమ్మే.

అయితే చాలామందికి తెలియని విషయం ఇంకోటుంది. అదితి ఆడిన ఆ కసుమిగసెకి కంట్రీ క్లబ్బులో 2017 దాకా మహిళలకు పూర్తి సభ్యత్వమే లేదు! ఆదివారాల్లో ఆడటానికీ ఆంక్షలు. టోక్యో గవర్నర్ యురికో కొయికె ఇదేం పద్ధతి అన్నారు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ గట్టిగా పట్టుబట్టింది. రూల్ మారుస్తారా, వేదిక వదులుకుంటారా అన్న పరిస్థితి వచ్చాక 2017 మార్చిలో క్లబ్బు దిగొచ్చింది. దశాబ్దాల సంప్రదాయం కాస్తా ఒక్క బోర్డు మీటింగ్‌లో తేలిపోయింది.

స్కాట్లాండ్‌లోని మ్యూర్‌ఫీల్డ్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. 2016 మేలో మహిళలకు సభ్యత్వంపై అక్కడ ఓటింగ్ పెట్టారు. కావాల్సిన మూడింట రెండొంతుల మద్దతు రాలేదు. అదే రోజు ఆర్ అండ్ ఏ సంస్థ ఒక ప్రకటన చేసింది: ఇక ఓపెన్ చాంపియన్‌షిప్ మీ దగ్గర జరగదు. ఏడాది తిరక్కముందే, 2017 మార్చిలో మళ్లీ ఓటింగ్. ఈసారి 80 శాతం మంది 'సరే' అన్నారు. 2022లో మహిళల ఓపెన్‌కు అదే మ్యూర్‌ఫీల్డ్ ఆతిథ్యమిచ్చింది. ఆ ఆర్ అండ్ ఏ పుట్టిల్లయిన సెయింట్ ఆండ్రూస్ క్లబ్బు కూడా మహిళలను చేర్చుకోవడానికి 2014 సెప్టెంబరు దాకా ఆగింది. అమెరికాలో అగస్టా నేషనల్ అయితే 2012లో గానీ తొలిసారి ఇద్దరు మహిళలకు సభ్యత్వం ఇవ్వలేదు.

కసుమిగసెకి, మ్యూర్‌ఫీల్డ్ సభ్యులకు రాత్రికి రాత్రే జ్ఞానోదయం అయిందనుకుంటే మన అమాయకత్వమే. పోయేదేంటో లెక్క తేలాకే గేటు తెరిచారు. ఆ లెక్క తేల్చే అధికారం మన దగ్గర ఎవరి చేతిలో ఉంది? ప్రభుత్వం చేతిలో. ఎందుకంటే భూమి దానిది.

235 ఎకరాలు.. అడగని ఒక ప్రశ్న

18 హోల్స్ మైదానానికి వంద ఎకరాలకు పైనే కావాలి. నగరం అంచుల్లో అంత భూమి ఒకే చోట కావాలంటే సర్కారు చెయ్యి పడక తప్పదు. గచ్చిబౌలిలో అదే జరిగింది. ఉమ్మడి ఏపీలో ఏపీఐఐసీ, దుబాయ్‌కి చెందిన ఎమ్మార్ మధ్య కుదిరిన ఒప్పందంలో గోల్ఫ్ కోర్సు కోసం 235 ఎకరాలను 66 ఏళ్ల లీజుకు ఇచ్చారు. తర్వాత అది సీబీఐ కేసు దాకా వెళ్లింది. వాటాలెంత, ధరెంత, ఎవరికెంత లాభం.. అన్నీ చర్చకొచ్చాయి. నయాఖిలాలోనూ వారసత్వ కట్టడాల మధ్య గోల్ఫ్ ఏంటన్న అభ్యంతరాలు కోర్టుకెక్కాయి. కానీ ప్రజల భూమిలో వేసే మైదానంలో ఆడేదెవరు, అందులో ఆడపిల్లలెందరు అన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినపడలేదు.

ఇదే గచ్చిబౌలిలో ఇంకో లెక్క కూడా ఉంది. పుల్లెల గోపీచంద్ అకాడమీకి అప్పటి ప్రభుత్వం ఇచ్చింది ఐదెకరాలే. అక్కడ రాటుదేలిన సైనా 2012లో, సింధు 2016, 2021ల్లో ఒలింపిక్ పతకాలు తెచ్చారు. సానియా, మిథాలీ, నిఖత్.. మన అమ్మాయిలకు ఆట రాదని అనే ధైర్యం ఇప్పుడెవరికీ లేదు. గోల్ఫ్‌లోనూ హైదరాబాద్ అమ్మాయి స్నేహా సింగ్ దేశవాళీ మహిళల ప్రొఫెషనల్ టూర్‌లో టైటిళ్లు గెలిచింది. మరి ఆమె వెనకాల ఇంకో యాభై మంది ఎందుకు కనపడటం లేదు?

టీ దగ్గరే సగం కథ

ఆడనివారికి అంతగా తెలియని చిక్కు ఒకటుంది. బంతిని మొదటిసారి కొట్టే చోటును 'టీ' అంటారు. తొలి షాట్ 150 గజాలు కొట్టే వ్యక్తిని 6,500 గజాల కోర్సులో దించితే ఎంత బాగా ఆడినా ప్రతి హోల్‌లో వెనకబడాల్సిందే. వెనక వచ్చే గ్రూపు విసుక్కుంటుంది. రెండోసారి ఆమె రాదు. దీనికి విరుగుడుగా అమెరికాలో 2011లో 'టీ ఇట్ ఫార్వర్డ్' అని ప్రచారం మొదలుపెట్టారు. ఎంత దూరం కొట్టగలరో దాన్ని బట్టి ఎక్కడి నుంచి ఆడాలో చెప్పే పట్టిక అది. 150 గజాలు కొట్టేవారికి మొత్తం కోర్సు 3,500 నుంచి 3,700 గజాలు ఉంటే చాలు. 200 గజాలు కొట్టేవారికి 5,200 నుంచి 5,400. దీనికి కొత్త భూమి అక్కర్లేదు, కోట్లూ అక్కర్లేదు. మైదానంలో ఇంకాస్త ముందుకు ఒక చదును చేసిన గడ్డి గట్టు కావాలి. దాన్ని 'లేడీస్ టీ' అని పిలవకుండా ఉంటే మరీ మంచిది. అరవై దాటిన అంకుల్స్ కూడా మొహమాటం లేకుండా అక్కడి నుంచే కొడతారు!

టాయిలెట్ సంగతి కూడా చెప్పుకోవాలి. క్లబ్బు హౌస్‌లో మార్బుల్ బాత్రూమ్‌లు ఎన్నున్నా, ఆట సాగే నాలుగైదు గంటల్లో తొమ్మిదో హోల్ దగ్గర ఒక్కటి లేకపోతే ఏ తల్లి తన కూతుర్ని పంపుతుంది? ఇంకో మాట. మన దేశంలో చాలా గోల్ఫ్ మైదానాల్లో ఆడవాళ్లు ఇప్పటికే ఉన్నారు. ఎండలో కూర్చుని కలుపు ఏరుతూ. వాళ్ల పిల్లలకు కాలు పెట్టే అవకాశం ఇస్తారా అన్నది ఆహ్వానం గురించి మాట్లాడేవాళ్లు అరుదుగా అడుగుతారు.

ఇప్పుడు ఇబ్రహీంపట్నం వైపు ఎందుకు చూడాలంటే, ప్రభుత్వం ప్రకటించిన ఫ్యూచర్ సిటీ పరిధిలోని ఏడు మండలాల్లో ఇబ్రహీంపట్నం కూడా ఉంది. భూములు, రోడ్లు, క్రీడా వసతులు.. అన్నీ ఇంకా కాగితం మీద గీస్తున్న దశ. రేపు ఇక్కడ గోల్ఫ్‌కు స్థలం అడుగుతూ ఎవరైనా వస్తే లీజు పత్రంలోనే నాలుగు ముక్కలు రాయించుకోవచ్చు: మహిళలకు సొంత పేరుతో, ఓటు హక్కుతో సభ్యత్వం, శని, ఆదివారాల ఉదయం టైమ్‌లలో వాటా, ముందు టీలు, చుట్టుపక్కల సర్కారు బడుల ఆడపిల్లలకు ఉచిత శిక్షణ. పాటించకపోతే లీజు రద్దు. లీజు సంతకమయ్యాక ఇవే అడిగితే మాత్రం క్లబ్బు దయ మీద ఆధారపడాల్సిందే.

అయితే ఈ ప్రాంతానికి 18 హోల్స్ అవసరమా? నీళ్ల కోసం బోర్లు లోతుకు దించుతూ పోయిన రైతులున్న చోట వంద ఎకరాల గడ్డిని తడపడం చిన్న విషయం కాదు. శుద్ధి చేసిన మురుగునీరు వాడతామన్నా ముందు ఆ ప్లాంటు కనపడాలి. దక్షిణ కొరియా ఇందుకు వేరే దారి చూపింది. 1998లో పాక్ సె-రి యూఎస్ మహిళల ఓపెన్ గెలిచాక అక్కడి ఆడపిల్లలు గోల్ఫ్ మీద పడ్డారు. భూమి తక్కువ, క్లబ్బులు ఖరీదు. అయినా డ్రైవింగ్ రేంజ్‌లు వాళ్లకు దారి ఇచ్చాయి, ఆ తర్వాత వీధి వీధిన వెలిసిన స్క్రీన్ గోల్ఫ్ గదులు ఆటను మామూలు జనంలోకి తెచ్చాయి. డ్రైవింగ్ రేంజ్ అంటే వల కట్టిన ఖాళీ స్థలంలో వరసగా నిలబడి బంతులు కొట్టడమే. పది, పదిహేను ఎకరాలు ఉంటే సరిపోతుంది. పచ్చగా ఉండాల్సిన పని కూడా లేదు. మన్నెగూడ, బొంగుళూరు మధ్య బస్సు దిగి నడిచి వెళ్లేంత దూరంలో అలాంటిది ఒకటి పెట్టి, ఖాళీ చేతులతో వచ్చిన అమ్మాయికి గంటకు ఇంత అని ఒక సెవెన్ ఐరన్, ఒక బుట్టెడు బంతులు అద్దెకిచ్చి, సాయంత్రం ఏడింటికి ఫ్లడ్‌లైట్లు, గేటు దగ్గర ఒక మహిళా కోచ్ ఉంటే.. ఆదిబట్లలో షిఫ్ట్ ముగించుకున్న ఉద్యోగినికి గోల్కొండ దాకా వెళ్లాల్సిన పని ఉండదు.