మేనేజర్ బోనస్‌కు మా ఇంక్రిమెంట్ బలి కాకూడదు

ఛత్తీస్‌గఢ్ లేబర్ కమిషనర్ గారికి,
ఇంద్రావతి భవన్, నవా రాయ్‌పూర్.



సిల్తరాలో ఓ స్టీలు మిల్లులో జీతాల లెక్కలు చూస్తాను. శ్రీకాకుళం నుంచి వచ్చి రాయ్‌పూర్‌లో స్థిరపడ్డ కుటుంబం మాది. ఇంక్రిమెంట్ల వేళ నా బల్ల మీదికి వచ్చే కాగితాల గురించే ఈ లేఖ. ఫర్నేస్ ఆపరేటర్‌కు 1,500 రూపాయలు పెంచమని షిఫ్ట్ ఇన్‌చార్జి రాస్తే, పైకెళ్ళిన కాగితం 600కు దిగి తిరిగొస్తుంది. కారణం రాయాల్సిన గడి మాత్రం ఖాళీ.

ఆ కారణం మా అందరికీ తెలుసు. జీతాల ఖర్చు బడ్జెట్ దాటకపోతేనే మేనేజర్‌కు బోనస్. 40 మందికి నెలకు వెయ్యి చొప్పున పెంచితే ఏడాదికి 4,80,000 రూపాయలు. ఆ దెబ్బ ఆయన బోనస్‌కు తగులుతుంది. ఆయన్ని చెడ్డమనిషి అనను. బోనస్ లెక్క అలా ఉన్నంతకాలం ఆ సీట్లో ఎవరున్నా అదే చేస్తారు.

ఏప్రిల్, అక్టోబరుల్లో సవరించే కరువు భత్యం పెరిగిన ధరలకే సరి. పనితనానికి దక్కాల్సింది ఇంక్రిమెంటే. మా దగ్గర మొదటిది చూపించి రెండోది ఎగ్గొడుతున్నారు.

2013 కంపెనీల చట్టం 197వ సెక్షన్ ప్రకారం లిస్టెడ్ కంపెనీలు డైరెక్టర్ల వేతనం మధ్యస్థ ఉద్యోగి వేతనానికి ఎన్ని రెట్లో వెల్లడించాలి. లిస్టు కాని మిల్లులకు ఆ నిబంధన లేదు, అందుకే మీ జోక్యం కోరుతున్నాను.

సిల్తరా, ఉర్లా పారిశ్రామికవాడల్లోని మిల్లుల యాజమాన్యాలను సమావేశానికి పిలిపించండి. మేనేజర్ బోనస్‌ను జీతాల కోతతో ముడిపెట్టొద్దనండి. ఇంక్రిమెంట్ తగ్గిస్తే కారణం హిందీలో రాసి కార్మికుడి చేతికివ్వమనండి. వచ్చే ఏప్రిల్‌లోపే ఆ సమావేశం జరిపించాలని మనవి.

ఇట్లు,
ఓ స్టీలు మిల్లు ఉద్యోగి