గడ్డిలో పారే నీరు, కూలీల చెమట

నీరు నిలిచి కనబడితే చాలు, అది పనికిమాలిన బురద నేల అని తేల్చేసే దొరలు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. అమెరికాలో ఫ్లోరిడా దక్షిణాన ఉన్న ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలకు పట్టిన గతి ఇదే.

ఆ చిత్తడి నడిమధ్య షార్క్ రివర్ స్లూ ఉంది. స్లూ అంటే గట్లున్న ఏరు కాదు. మైళ్ల వెడల్పున గడ్డి మధ్య మెల్లగా జారే మంచినీటి పల్లం. వాలు మైలుకు రెండంగుళాలు. నీరు రోజుకు వంద అడుగులు నడిస్తే గొప్ప! వానల్లేని నెలల్లో చుట్టూ నేల ఎండినా ఈ పల్లంలో తడి ఆరదు. మొసళ్లు తవ్వుకున్న గుంటల్లో చేపలు తలదాచుకుంటాయి, వాటితోనే కొంగలు పిల్లల్ని సాకుతాయి. దిగువన సముద్రపు ఉప్పు లోపలికి రాకుండా నెట్టేది కూడా ఈ నీరే.

1928లో ఈ పల్లానికి అడ్డంగా టామియామి రోడ్డు పూర్తయింది. అదే ఏడు తుపానుకు ఎగువన ఓకీచోబీ సరస్సు కట్ట తెగి కనీసం 2,500 మంది పోయారు. అందులో ఎక్కువమంది పొలాల్లో పనిచేసే నల్లజాతి వలస కూలీలు. ఆ తర్వాత పెద్ద కట్టలొచ్చాయి, 1948 నుంచి కాలువలు, పంపులు వచ్చాయి. వరద నుంచి కాపాడటానికే అన్నారు. సరస్సు దక్షిణాన సుమారు 7 లక్షల ఎకరాలు సాగులోకి వచ్చాయి. 1960ల్లో క్యూబా చక్కెరను అమెరికా నిషేధించాక అక్కడ చెరకు విస్తరించింది.

ఆ చెరకు కొట్టిందెవరు? జమైకా మొదలైన దీవుల నుంచి తాత్కాలిక అనుమతిపై తెచ్చిన కూలీలు. యజమాని పొమ్మంటే దేశమే వదిలి పోవాలి, ఇక కూలి రేటు ఏమని అడుగుతారు? 1990ల్లో యంత్రాలొచ్చాయి, వాళ్లను పంపేశారు.

నేల కూడా మిగల్లేదు. నీరు తీసేసిన నల్లమట్టి గాలి తగిలి తరిగిపోతోంది. 1924లో బెల్‌గ్లేడ్‌లో పాతిన కొలత స్తంభం ఇప్పుడు ఆరడుగుల పైగా బయటపడింది. ఎరువుల భాస్వరం దిగువకు చేరి, గడ్డి పోయి జమ్ము అల్లుకుంది.

2000లో పునరుద్ధరణ చట్టం చేశారు. 2013లో రోడ్డు కింద నీరు పోయేందుకు మైలు పొడవు వంతెన కట్టారు, 2019 నాటికి ఇంకా కట్టారు. మంచి పనే, కాదనం. అయితే ఆ ఖర్చులో ఎక్కువ భాగం జనం కట్టిన పన్నులే. లాభం తిన్న చెరకు దొరల వాటా ఎంతని మేం అడుగుతున్నాం. చెరకు కొట్టి వెళ్లిపోయినవాళ్ల బాకీ ఎవరు తీరుస్తారని కూడా అడుగుతున్నాం.